నీళ్ళ డబ్బాతో నాలుగు నెలలు

షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళు నన్ను మొదట అడిగే మాట ఒకటే, మీరు చేసిన రిపేర్లలో పెద్దది ఏంటండి అని. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు, పెద్దవి చాలానే ఉన్నాయి. కాలవలో మునిగిన బస్సు ఇంజను విప్పి, ఆరబెట్టి, వారంలో రోడ్డెక్కించాను. కానీ అలాంటివాటి వల్ల నేను నేర్చుకున్నది తక్కువ. పని కుదిరిన రోజున మనిషి కాలరెగరేసుకుని ఇంటికి పోతాడు, అన్నం తిని పడుకుంటాడు. నాకు పని నేర్పింది ఒక తప్పు. నీళ్ళలోంచి వాయువు తీసి బండి నడిపిస్తున్నానని నాలుగు నెలలపాటు తెనాలంతా చెప్పుకు తిరిగాను. ఆ బండి బాగా నడిచిన మాట నిజమే. ఎందుకు నడుస్తోందో నాకు తెలియలేదు, అదే నా తప్పు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు దీన్ని నవ్వుకుంటూ చదవచ్చు. నేనూ ఇప్పుడు నవ్వుకుంటూనే రాస్తున్నాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

బాపట్ల మేస్త్రీ

మాది కొలకలూరు, వ్యవసాయ కుటుంబం. మా అన్నలిద్దరికీ మట్టి అంటే ప్రాణం, నాకు ఇంజను అంటే ప్రాణం. పొలానికి నీళ్ళు తోడే ఆయిలు ఇంజనును అవసరం ఉన్నా లేకపోయినా విప్పి పెడుతున్నానని మా నాన్న విసిగిపోయి, అరవైల మొదట్లో నన్ను తీసుకెళ్ళి బాపట్లలో మస్తాన్ మేస్త్రీగారి దగ్గర పెట్టాడు. ఆయన పొట్టిగా, బక్కపలచగా ఉండేవారు. తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. ఒకసారి చేసి చూపించి పక్కకు తప్పుకునేవారు. తర్వాత మన పాట్లు మనవి.

ఒకరోజు ఊళ్ళో డాక్టరుగారి కారు స్టార్టు కాలేదు. ఆయన పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నారు. నేను గబగబా ప్లగ్గులు మార్చి, ఆ చేత్తోనే కాయిల్ వైరు కూడా మార్చేశాను. ఒక్క తిప్పుకి ఇంజను అందుకుంది. గర్వంగా మేస్త్రీగారి వైపు చూశాను. ఆయన వచ్చి ఎందుకు అందుకుందని అడిగారు. రెండూ మార్చానండి అన్నాను. అయితే పాతవి రెండూ మళ్ళీ పెట్టమన్నారు. డాక్టరుగారి ముందే, నడుస్తున్న బండిని ఆపించి, పాతవి పెట్టించి, ఒక్కొక్కటే మార్పించారు. దోషం వైరుది. ప్లగ్గులు నిక్షేపంగా ఉన్నాయి. డాక్టరుగారు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఒక మార్పు చేసి, నడిపి చూసి, అప్పుడే రెండోదాని మీద చెయ్యి వెయ్యాలి. అదీ ఆయన పద్ధతి. నాకది చాదస్తంగా తోచేది. తెనాలిలో రేపల్లె రోడ్డు మీద సొంత షెడ్డు పెట్టుకున్నాక హాయిగా మర్చిపోయాను.

చేపల వ్యాను

నాగేంద్రమ్మది రేపల్లె దగ్గర సముద్రం మీద బతికే కుటుంబం. నెత్తిన చేపల బుట్టతో వీధులు తిరగడంతో మొదలుపెట్టి, తర్వాత రైల్లో తెనాలి మార్కెట్టుకి చేపలు తెచ్చి, చివరికి ఒక పాత పికప్ వ్యాను కొనేదాకా వచ్చిన మనిషి. అది మిలటరీవాళ్ళు వదిలించుకున్న బండి. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక చెక్కల తొట్టి, అందులో ఐసు పోసి ఊక కప్పిన బుట్టలు. ఆ బండి మా రోడ్డు మలుపు తిరగకముందే ముక్కుకి తెలిసిపోయేది.

దాన్ని తోలేది ఆమె భర్త ఏడుకొండలు. ఒకప్పుడు పడవ మీద వేటకి వెళ్ళేవాడు. లంగరు తాడు చేతికి చుట్టుకుని కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. ఆ చేత్తో వల లాగలేడు, తెడ్డు వెయ్యలేడు. స్టీరింగు మాత్రం పట్టగలడు. మాట తక్కువ. షెడ్డుకి వస్తే ఒక పక్కన నిలబడి నేను చేసే పని చూస్తూ ఉండేవాడు. ఒక్క ప్రశ్న అడిగేవాడు కాదు. ఏమీ అర్థంకాక అలా చూస్తున్నాడని నా అభిప్రాయం. మెకానిక్కులకి ఉండే జబ్బే అది, స్పానర్ పట్టనివాడికి ఏమీ తెలియదనుకోవడం.

డెబ్భై మూడు, డెబ్భై నాలుగు ప్రాంతంలో పెట్రోలు ధర మండిపోయింది. టాక్సీలు మూలబడ్డాయి. ఒక మధ్యాహ్నం నాగేంద్రమ్మ ఒక్కతే షెడ్డుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఈ బండి తక్కువ తాగేలా ఏదన్నా చెయ్యమని అడిగింది. ఆ ఇంజను ముసలిదని, దానికి పెట్రోలు పొయ్యడం దండగని, బండి అమ్మేసి మళ్ళీ రైల్లో తెచ్చుకోవడం మేలని నేను చెప్పాను.

"బండి అమ్మేస్తే నాకేం కాదన్నయ్యా. బుట్ట మోసే మెడ నాకింకా ఉంది. ఆయనకే ఏం మిగలదు. వేళ్ళు పోయాక ఏడాదిపాటు గోడకేసి చూస్తా కూచున్నాడు. అన్నం పెడితే తినేవోడు, లేకపోతే లేదు. ఈ బండి వచ్చాకే మనుషుల్లో పడ్డాడు. బండి ఆగిందంటే ఆయనా ఆగిపోతాడు."

చూస్తానులే చెల్లెమ్మా అన్నాను. చూడ్డానికి నా దగ్గర ఏముందో మాత్రం నాకే తెలియదు.

ఉప్పు చేసిన పని

బాపట్లలో ఉండగా ఒక కెమిస్ట్రీ మాస్టారు స్కూటరు రిపేరుకి వస్తుండేవారు. నీళ్ళలోకి కరెంటు పంపితే హైడ్రోజన్ అనే వాయువు వస్తుందని, అది పెట్రోలు కన్నా జోరుగా మండుతుందని ఆయన ఒకసారి కబుర్లలో చెప్పారు. అది నా బుర్రలో ఎక్కడో ఉండిపోయింది. నాగేంద్రమ్మ వచ్చి వెళ్ళిన రాత్రి అన్నం తింటుంటే పైకి లేచింది.

చచ్చిన బ్యాటరీ పెట్టె ఒకటి కడిగి, అందులో స్టీలు రేకులు వరసగా నిలబెట్టాను. రేకుల కోసం నాగేంద్రమ్మ తన ఇంట్లో స్టీలు కంచాలు రెండు తెచ్చి ఇచ్చింది. బండి బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగాను. పెట్టెలోంచి వచ్చే వాయువు రబ్బరు గొట్టంలో పోయి, సగం నీళ్ళున్న ఒక గాజు సీసాలో బుడగలుగా తేలి, అక్కడినుంచి పెట్రోలూ గాలీ కలిసే కార్బురేటర్ మూతికి చేరాలి. ఇంజను ఎప్పుడైనా వెనక్కి తన్నితే ఆ మంట సీసా నీళ్ళలోనే ఆరిపోవాలని నా ఏర్పాటు.

ఉత్త నీళ్ళలో కరెంటు సరిగా పారదు, ఏదో ఒకటి కలపాలి. సముద్రం పక్కన బతికేవాళ్ళకి ఏం తోస్తుంది? ఉప్పు తోస్తుంది. నాగేంద్రమ్మ ఉప్పు కొటారు నుంచి రాళ్ళుప్పు మూట కట్టి తెచ్చింది. గుప్పెడు వేసి స్విచ్చి నొక్కాను. బుడగలు పొంగుకొచ్చాయి. నేను నా తెలివికి మురిసిపోతుండగానే షెడ్డంతా బ్లీచింగ్ పౌడరు వాసన కమ్ముకుంది. కళ్ళు మండాయి. ఏడుకొండలుకి దగ్గు ఆగలేదు. ముగ్గురం పడుతూ లేస్తూ రోడ్డు మీదికి పరిగెత్తాం. ఆ తర్వాత చూస్తే కంచాల రేకులు గోధుమరంగు బురదగా మారి ఉన్నాయి.

బాపట్ల రైలెక్కి మాస్టారికి చెప్తే ఆయన తల పట్టుకున్నారు. ఉప్పునీళ్ళలోంచి హైడ్రోజన్ ఒక్కటే కాదు, క్లోరిన్ కూడా వస్తుందని, అది ఊపిరితిత్తుల్ని తినేసే విషమని చెప్పారు. ఉప్పు మానేసి కాస్టిక్ సోడా కలపమన్నారు. అంతటితో ఆగకుండా ఇంకోమాట అడిగారు. నీళ్ళని విడగొట్టే కరెంటు ఎక్కడిదన్నారు. బ్యాటరీది అన్నాను. బ్యాటరీని నింపేది ఏదన్నారు. డైనమో అన్నాను. డైనమోని తిప్పేది ఇంజనే కదా, ఇంజను తాగేది పెట్రోలే కదా, మరి పెట్రోలు ఖర్చుపెట్టి తీసిన వాయువుతో పెట్రోలు మిగులుతుందని ఎట్లా అనుకుంటున్నావని అడిగారు. నేను తల ఊపి బయటపడ్డాను. చదువుకున్నవాళ్ళు ఇంతే, ఏ పనైనా కాదని ముందే తేల్చేస్తారని రైల్లో కూర్చుని విసుక్కున్నాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మీకు ఎవరైనా నీళ్ళతో నడిచే బండి అమ్మజూపితే ఆ ప్రశ్నలే వేయండి.

సబ్బు బుడగ

కొత్త రేకులు పెట్టి, కాస్టిక్ సోడా కలిపి చూసుకున్నాక డబ్బా బిగించేరోజు వచ్చింది. కొత్త ఏర్పాటు పెడుతున్నాం కదా, బండి కూడా బాగుండాలని ముందు దాన్ని శుభ్రంగా చూశాను. ఇంజనుకి గాలి తగ్గించే చోక్ సగం మూసుకుని బిగిసిపోయి ఉంది, దాన్ని వదిలించాను. ప్లగ్గులకి సమయానికి నిప్పు అందించే పాయింట్లు కాలిపోయి గుంటలు పడి ఉన్నాయి, ఆకురాయితో రుద్ది వాటి మధ్య సందు సరిచేశాను. ప్లగ్గులు గీకాను. ముందు చక్రం బ్రేకు పట్టేసి ఉంటే వదులు చేశాను. టైర్లలో గాలి సగమే ఉంది, నింపాను. చివరికి నీళ్ళ డబ్బా బిగించాను. అన్నీ ఒకేరోజున చేశాను.

ట్యాంకు ఖాళీ చేసి, కొలత కోసం అయిదు లీటర్ల క్యాను పెట్రోలు పోశాం. అంతకుముందు అదే క్యానుతో తెనాలిలో బయలుదేరితే భట్టిప్రోలు దగ్గర ఆగిపోయేది. ఆ రోజు భట్టిప్రోలు దాటింది, పల్లికోన దాటింది, రేపల్లె పొలిమేరలో ఆగింది. బండి పక్కన రోడ్డు మీద నిలబడి ఏడుకొండలు నవ్వాడు. అతని పళ్ళు నేను చూడటం అదే మొదలు. నాకు కళ్ళు చెమర్చాయి.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ వాయువు బలం చూపిద్దామని మర్నాడు షెడ్డులో గొట్టం కొస సబ్బునీళ్ళలో ముంచి, బుడగ ఊదించి, అగ్గిపుల్ల అంటించాను. తుపాకీ పేలినట్టు మోగింది. నాగేంద్రమ్మ భర్త చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. నేను దర్జాగా, ఇకనుంచి బానెట్ దగ్గర బీడీ గాని దీపం గాని పనికిరాదని చెప్పాను.

"కర్పూరం కూడానా అన్నయ్యా?" అంది.

పడవ నీళ్ళలోకి దిగేముందు వాళ్ళు గంగమ్మకి కర్పూరం వెలిగిస్తారు. పడవ పోయి బండి వచ్చాక, ఆమె రోజూ పొద్దున్నే బండి బయలుదేరేముందు బానెట్ మీద కర్పూరం వెలిగించేది. కర్పూరం కూడా వద్దన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. మారు మాట్లాడలేదంటే ఒప్పుకుందని నేననుకున్నాను.

తర్వాత నాలుగు నెలలు నా వైభవం చూడాలి. వారానికోసారి ఏడుకొండలు వచ్చి క్యాను పెట్రోలుకి బండి ఎందాకా వెళ్ళిందో చెప్పేవాడు. ఎప్పుడూ పల్లికోన అవతలే. నేను బానెట్ ఎత్తి చూడలేదు. మంచి కబురు చెప్పినవాణ్ణి ఎవడు తనిఖీ చేస్తాడు? టాక్సీ స్టాండులో నన్ను నీళ్ళ మేస్త్రీ అనడం మొదలుపెట్టారు. నేను వద్దనలేదు. వాళ్ళ బండ్లకి పెట్టడానికి ఇంకో అయిదు డబ్బాలు తయారుచేసి వరసగా గోడకి ఆనించాను.

వల దారం ముడి

టాక్సీవాళ్ళు డబ్బా పనిచేస్తుంటే కళ్ళారా చూస్తామన్నారు. ఒకరోజు పొద్దున వ్యాను మార్కెట్టులో చేపలు దించేసి వచ్చేసరికి షెడ్డు ముందు పదిమంది దాకా ఉన్నారు. ఏడుకొండలు బండి ఆపగానే నేను వెళ్ళి బానెట్ ఎత్తాను. క్యాబిన్‌లోంచి నాగేంద్రమ్మ ఏదో అనబోయింది, నేను వినిపించుకోలేదు.

రబ్బరు గొట్టం కార్బురేటర్ నుంచి ఊడదీసి ఉంది. దాని మూతికి గుడ్డపేలిక చుట్టి వల దారంతో ముడి వేశారు. వైరు కొసకీ అలాంటి ముడే. రెండింటి మీదా దుమ్ము మందంగా పేరుకుని ఉంది. డబ్బాలో చుక్క నీళ్ళు లేవు. అది నిన్నమొన్నటి ముడి కాదని చూసినవాడికెవడికైనా తెలుస్తుంది. ఒకతను నీళ్ళు కూడా లేకుండా నడుస్తోందే, ఇది ఇంకా గొప్పగా ఉందే అన్నాడు. అందరూ నవ్వారు. నేను బానెట్ మూసి, భార్యాభర్తల్ని లోపలికి పిలిచి, జీవితంలో ఆడమనిషి మీద మొదటిసారి గొంతెత్తాను.

"వారం తిరక్కముందే తీసేశామన్నయ్యా," అంది నాగేంద్రమ్మ. "ఈయన వేళ్ళు పోయిన రోజున వానకి కర్పూరం నానిపోయి అంటుకోలేదు. ఏమవుద్దిలే అని అట్టానే పడవ ఎక్కనిచ్చాను. ఇంకోసారి అట్టా పంపలేను. కర్పూరం పెడితే మీ గాలి పేలుద్దన్నారు. రెంటిలో ఒకటే ఉండాలంటే నాకు కర్పూరమే కావాలి."

నాలుగు నెలలు నాకెందుకు చెప్పలేదని అరిచాను. మీరంత సంబరంగా ఉంటే నోరు రాలేదంది. ఏడుకొండలు తల వంచుకుని నిలబడ్డాడు. మేలు చేస్తే నాకు జరిగిన మర్యాద ఇదని, ఇక నా షెడ్డుకి రావద్దని అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించే మాట అదొక్కటే.

ఏ మేస్త్రీ?

మర్నాడు బాపట్ల వెళ్ళాను. మస్తాన్ మేస్త్రీగారికి అప్పటికే చూపు తగ్గింది. మంచం మీద కూర్చుని అంతా విన్నారు. ఆ రోజు బండికి ఎన్ని పనులు చేశావని అడిగారు. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. చోక్, పాయింట్లు, ప్లగ్గులు, బ్రేకు, గాలి, డబ్బా. ఆరు.

"ఆరోదాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగావు, అయిదింటిని మర్చిపోయావు నాయనా," అన్నారు.

నాకు అప్పుడు డాక్టరుగారి కారు గుర్తొచ్చింది. సిగ్గుతో లేచి బయలుదేరబోతుంటే ఆయన మళ్ళీ కూర్చోమన్నారు.

"అది సరే. నువ్వు బాగుచేసి నాలుగు నెలలైంది కదా. అంత ముసలి బండికి పాయింట్లు నాలుగు నెలలు ఆగుతాయా? టైర్లలో గాలి ఆగుతుందా? ఆ బండికి ఎవరో మేస్త్రీ ఉన్నాడు. నువ్వు కాదు. వెళ్ళి చూడు."

ఆ మర్నాడు మొదటి రైలుకి రేపల్లెలో దిగి వాళ్ళ ఇంటికి నడిచాను. ఎండ ఇంకా ముదరలేదు. ఇంటి ముందు వ్యాను బానెట్ ఎత్తి ఉంది. ఏడుకొండలు నేల మీద గోనెపట్టా పరుచుకుని, పాయింట్లు విప్పి ముందు పెట్టుకుని, మిగిలిన ఆ రెండు వేళ్ళ మధ్య చిన్న ఆకురాయి పట్టుకుని రుద్దుతున్నాడు. పక్కన సైకిలు షాపు నుంచి తెచ్చిన గాలి పంపు ఉంది. సందు కొలవడానికి అతని దగ్గర పోస్టుకార్డు ముక్క ఒకటి ఉంది. మా షెడ్డులో నేను పాయింట్ల సందులో పెట్టే కొలత రేకు మందాన్ని కళ్ళతోనే కొలుచుకుని, దానికి సరిపడేది ఇంట్లో వెతికి పట్టుకున్నాడట.

నన్ను చూసి దొంగతనం బయటపడ్డవాడిలా లేచి నిలబడ్డాడు. ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావని అడిగాను.

"గొట్టం తీసిన రోజునుంచండి. తీసేశాక బండి మళ్ళీ ఎక్కువ తాగుద్దని భయమేసిందండి. తాగితే మీ డబ్బా పనికిరాదని ఊళ్ళో అంటారు. మా కోసం అంత కష్టపడ్డారు, మా వల్ల మీకు మాట రాకూడదనుకున్నాను. మీరారోజు ఏమేం చేశారో అంతా చూశాను గదండి. వారం వారం అయ్యే చేస్తన్నాను. బండి కూడా మెల్లిగా తోలుతున్నాను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నా పేరు నిలబెట్టడానికి ఆ మనిషి నాలుగు నెలలు నేల మీద కూర్చుని పనిచేస్తుంటే, ఆ పేరుతో నేను స్టాండులో టీలు తాగుతున్నాను. నాగేంద్రమ్మ లోపలినుంచి వచ్చింది. నేనన్న మాట తప్పు చెల్లెమ్మా అన్నాను. ఆమె కూర్చోమని పీట వేసి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

అతను పాయింట్లు బిగించాక నా జేబులోని కొలత రేకు తీసి సందులో పెట్టి చూశాను. సరిచేయడానికి ఏమీ లేదు. చేపలు దించాక రోజూ షెడ్డుకి రమ్మని, నాతో పనిచేయమని అడిగాను. అతను తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"ఈ చేత్తోనాండి?"

"ఆ చేత్తోనే," అన్నాను.

తెనాలి వచ్చాక టాక్సీ స్టాండుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. బండిని వారం వారం శుభ్రంగా చూసుకుంటే అదే తక్కువ తాగుతుంది, నీళ్ళ డబ్బా ఉత్తదే అన్నాను. సగంమంది నమ్మలేదు. రహస్యం నా ఒక్కడికే దాచుకుంటున్నానని వాళ్ళ అనుమానం. గోడకి ఆనించిన అయిదు డబ్బాలూ విరగ్గొట్టి, రేకులు తీసి వేరే పనులకి వాడుకున్నాను.

ఆ వ్యాను ఇంకో మూడేళ్ళు నడిచింది, చేపలు దించాక ఏడుకొండలు అందులోనే షెడ్డుకి పనికి వచ్చేవాడు. ఒక వానాకాలం వేమూరు దగ్గర ఛాసిస్ రెండుగా విరిగి, తుక్కు కింద పోయింది. ఆ కబురు విన్న మర్నాడు నాకు షెడ్డులో చెయ్యాడలేదు. బండి ఆగితే ఆయనా ఆగిపోతాడని నాగేంద్రమ్మ అన్న మాటే చెవిలో మోగుతోంది. వాళ్ళ ఇంటికి వెళ్ళాలా, వెళ్ళి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. తొమ్మిదిన్నరకి రేపల్లె రైలు దిగి ఏడుకొండలు నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా విప్పి మేకుకి తగిలించి, ఇవాళ ముందు ఏ బండి చూడాలండి అని అడిగాడు.